గోడ వెనక సీతాకోకచిలుకలు

గోడకు ఎదురుగా నిలబడి పని కానిచ్చే మగవాళ్లను ఇకనైనా తిట్టడం మానండి! వాళ్లు చేసేది గలీజు పని అనుకుంటున్నారా? కాదు, వన్యప్రాణి సేవ!

నమ్మకపోతే ఏదైనా ఆదివారం పొద్దున ఆసిఫాబాద్ దగ్గరి అడవిలో జరిగే నేచర్ వాక్‌కు రండి. పూల మీద ఏముంటాయి? ఒకటో రెండో సీతాకోకచిలుకలు, అవీ ఫోన్ బయటికి తీసేలోపే ఎగిరిపోతాయి. అదే మగవాళ్లు తడిపి వచ్చిన నేల మీదైతే? పసుపువి, తెల్లవి, నీలి చారలవి గుంపులుగా వాలి, ఆ తడిలోని ఉప్పును కదలకుండా జుర్రుకుంటాయి. ఇది సైన్సు! అలా చేరేవాటిలో ఎక్కువ మగవేనట. అంటే ఈ ఏర్పాటు మగజాతి కోసమేనని ప్రకృతి కూడా ఒప్పుకున్నట్టే కదా!

సేవకు అక్కడ మంచి వసతి ఉంది. కొత్తగా కట్టిన లేడీస్ టాయిలెట్ వెనక గోడ. ఆ టాయిలెట్ చూడముచ్చటగా ఉంటుంది. తలుపు నిండా సీతాకోకచిలుకల పెయింటింగ్, తలుపుకు తాళం, తాళానికి రిబ్బన్.

ఇంత భాగ్యాన్ని గుర్తించని మనిషి ఒక్కతే, సైన్స్ టీచర్ క్యాథరిన్. సీతాకోకచిలుకలంటే ఆమెకు ప్రాణం. కానీ వాక్‌కు రావాలంటే ముందురోజు రాత్రి నుంచే నీళ్లు మానేయాలి. అయినా ఎండెక్కి, మంచి మంచివన్నీ రెక్కలు విప్పుకునే వేళకు ఆమె ఆటో ఎక్కి ఇంటికి పరుగెత్తాల్సిందే. ప్రతిసారీ ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చేవి.

పోయిన ఆదివారం, వాక్ నడిపించే భానుప్రసాద్ ఆమెకు బాటిల్ అందించాడు.

“నీళ్లు తాగుండ్రి మేడం, ఎండ కొడ్తది.”

“నీళ్లొద్దు సారూ. జర గా తాళంచెవి ఇయ్యుండ్రి.”

“ప్రారంభోత్సవం కాలే మేడం. పెద్దసారు వచ్చి రిబ్బన్ కత్తిరించాలె.”

“ఎప్పుడొస్తడు?”

“వస్తుండు మేడం. పోయిన వానకాలం నుంచి వస్తనే ఉన్నడు.”

క్యాథరిన్ బాట పక్కన ఉన్న రాయి ఒకటి ఎత్తి, తాళం ఊడేదాకా బాదింది. ఆ చప్పుడుకు గోడ వెనక సీతాకోకచిలుకలన్నీ ఒక్కసారిగా ఎగిరిపోయాయి. అక్కడ సేవలో ఉన్న ఇద్దరు పెద్దమనుషులు ప్యాంట్లు సర్దుకుంటూ ఇవతలికి పరుగెత్తుకొచ్చారు. వన్యప్రాణి సేవకు ఎంత అంతరాయం! ఎవరడగాలి ఈ అన్యాయాన్ని?

ఆమె బయటికి వచ్చేసరికి వాక్‌కు వచ్చిన ఆడవాళ్లంతా తలుపు ముందు లైన్ కట్టి ఉన్నారు. భానుప్రసాద్ తెగిన రిబ్బన్ చేతిలో పట్టుకుని పరేషాన్‌గా నిలబడ్డాడు.

“ఇప్పుడు ప్రారంభోత్సవం ఎట్ల మేడం?”

“గదైతే అయిపోయింది సారూ!” అంది క్యాథరిన్, చేతులు తుడుచుకుంటూ. “ఇగ మీ పెద్దసారును నిమ్మలంగ రమ్మనుండ్రి.”