మార్లిస్ గారి ఫర్నేస్ ఫర్వాలేదు

ఆ రోజుకి జోలీన్ ఆమ్‌డాల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి మార్లిస్ గారింటికి వెళ్ళాలి. నిన్న తాను బిగించిన, ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నేస్ అతుకులకు సబ్బునీళ్ళు రాసి, బుడగలు రావడం లేదని మరోసారి చూసుకోవాలి. పదకొండింటికి తనిఖీ అధికారి గ్లెన్ వచ్చి, చూసి, అంతా సరిగ్గా ఉందని ఆకుపచ్చ చీటీ అంటిస్తాడు. పదకొండేళ్ళు ఒకరి చేతికింద పనిచేశాక, సొంత లైసెన్సు మీద ఆమె పెట్టిన మొదటి ఫర్నేస్ అది. ఉత్తర మిన్నెసోటాలోని ఆ చిన్న ఊళ్ళో ఒకరింట్లో ఫర్నేస్ ఆగితే, ఆదివారం చర్చిలో కాఫీ చల్లారేలోపు అందరికీ తెలిసిపోతుంది. చీటీ రాలేదంటే ఇక ఆమెను పిలిచే దిక్కుండదు.

రాత్రంతా కురిసిన మంచు తెల్లవారుజామున ఆగింది. మార్లిస్ తలుపు తీసింది. డెబ్బై దాటిన మనిషి ఇంట్లో కోటూ, ఉన్నిటోపీ, చేతులకు తొడుగులూ వేసుకుని ఉంది. ఎక్కడికైనా బయల్దేరారా అని జోలీన్ అడిగితే, అబ్బే లేదంది. వంటింట్లో పక్కింటి లవాన్, ఎదురింటి ఆవిడా కూడా కోట్లతోనే కూర్చున్నారు. బల్ల మీద మూడు హాట్‌డిష్‌లు, బంగాళాదుంపలు పైన పరిచి ఓవెన్లో కాల్చినవి, పొగలు కక్కుతున్నాయి. ఆ ఊళ్ళో ఒక ఇంటికి మూడు హాట్‌డిష్‌లు ఒకేసారి వచ్చాయంటే ఎవరో పోయారని అర్థం.

"ఫర్నేస్ ఎలా ఉందండీ?" అని అడిగింది జోలీన్.

"ఫర్వాలేదమ్మా," అంది మార్లిస్. మాటతోపాటు నోట్లోంచి ఆవిరి కూడా వచ్చింది.

జోలీన్ పరుగున నేలమాళిగలోకి దిగింది. ఫర్నేస్‌లో ఉలుకూ పలుకూ లేదు, చిన్న దీపమైనా వెలగడం లేదు. గోడమీది విషవాయువు హెచ్చరిక పెట్టె మాత్రం సున్నా చూపిస్తోంది, అదొక్కటే ఊరట. కరెంటు కలపడంలోనే తప్పు చేశాననుకుని మూత విప్పి, తీగలన్నీ ఒక్కొక్కటే చూడటం మొదలుపెట్టింది.

గ్లెన్ పదిన్నరకే వచ్చేశాడు. సమయానికి రావడం కూడా ఆలస్యమే అనుకునే మనిషి. పైన ముగ్గురు ఆడవాళ్ళూ అతన్ని కిందికి దిగనివ్వకుండా కూర్చోబెట్టారు. ముందు ఒక హాట్‌డిష్ వడ్డించారు. అది తిని రెండోది తినకపోతే లవాన్ నొచ్చుకుంటుందన్నారు. మూడోది తినకపోతే ఎదురింటావిడ ఏమనుకుంటుందన్నారు. గ్లెన్ పెదవులు నీలంగా మారుతున్నా, ఇల్లు చల్లగా ఉందని మాత్రం అనలేదు. అనడం మర్యాద కాదు మరి.

అతను మూడో పళ్ళెం తింటుండగా లవాన్ మెల్లగా మెట్లు దిగి వచ్చింది.

"నీకు చెప్పకూడదనే అనుకున్నామమ్మా. పొద్దున ఆరున్నరకే ఆగిపోయింది. ఎర్రదీపం ఒకటే మిణుకు మిణుకుమంది. నీ మొదటి పని కదా, చూస్తే మనసు కష్టపెట్టుకుంటావని మెట్లపైన స్విచ్ ఆపేశాను."

జోలీన్‌కి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పాపం ఆ యంత్రం తెల్లారినప్పటినుంచీ తన బాధేమిటో చెప్పుకుంటూనే ఉంది, వీళ్ళు దాని నోరు నొక్కేశారు. మూత బిగించి స్విచ్ వేయించింది. ఎర్రదీపం మూడుసార్లు వెలిగి ఆగింది, మళ్ళీ మూడుసార్లు వెలిగింది. గాలి దారి మూసుకుపోయిందని దాని భాష.

ఆమె బయటకు పరిగెత్తింది. వెనకాలే గ్లెన్, ఇక తినక్కర్లేదన్న ఆనందంతో. ఫర్నేస్ గాలి పీల్చి పొగ వదలడానికి నిన్న గోడకు పెట్టిన రెండు తెల్ల గొట్టాలు కనబడలేదు. వాటి చోట కిటికీ దాకా చక్కగా పేర్చిన మంచుగుట్ట ఉంది. కంచె అవతల, రెండో పక్కింటి ఓర్విల్ తన మంచు విసిరే యంత్రం పట్టుకుని, ఆకాశం కేసి చూస్తూ నిలబడ్డాడు. ఎవరూ లేవకముందే పక్కవాళ్ళ దారి ఊడ్చేసి ఏమీ ఎరగనట్టు ఉండటం ఆయనకు ముప్పై ఏళ్ళ అలవాటు.

"అటు పక్క ఎవరూ నడవరు కదా అని అటు విసిరాను," అన్నాడు చివరికి.

ముగ్గురూ కలిసి గుట్ట తవ్వారు. గ్లెన్ టేపు తీసి గొట్టాల ఎత్తు కొలిచాడు. నిబంధన చెప్పినదానికంటే నాలుగంగుళాలు ఎక్కువే ఉంది.

"ఆకాశం నుంచి పడే మంచుకి మా పుస్తకంలో లెక్కుంది. ఓర్విల్ గారి మంచుకి లేదు," అన్నాడు.

లోపల ఫర్నేస్ గుర్రుమని వెలిగింది. మార్లిస్ టోపీ తీసింది. గ్లెన్ అతుకులన్నీ చూసి, సబ్బునీళ్ళు తానే రాసి, చీటీ మీద సంతకం పెట్టాడు. జోలీన్ ఇంకా నమ్మలేక, పొద్దున ఆగిపోయింది కదండీ అంది.

"దారి మూసుకుపోతే ఆగాలమ్మా, ఆగింది. లేకపోతే విషవాయువు ఇంట్లో నిండేది. అందుకే వీళ్ళంతా కోట్లేసుకుని బతికున్నారు. వెలగడం చూసి ఎన్నో సంతకాలు పెట్టాను, ఆగినందుకు పెట్టడం ఇదే మొదలు."

ఓర్విల్ కూడా వంటింట్లోకి వచ్చాడు. "మాది ముప్పై రెండేళ్ళ నాటిది. మూసుకుపోతే ఆగుతుందో ఆగదో. నీకు శ్రమ కాకపోతే ఒకసారి చూస్తావా, అమ్మాయ్?" లవాన్ తనదీ చూడమంది. ఎదురింటావిడ సోమవారం వీలవుతుందా అంది. జోలీన్ పేర్లు రాసుకోవడానికి కాగితం లేక హాట్‌డిష్ మూత మీదే రాసుకుంది.

గొట్టాల దగ్గర మిగిలిన మంచునంతా ఓర్విల్ ఈసారి ఎవరికీ అడ్డం కాకుండా రోడ్డువైపు విసిరాడు. పావుగంట తర్వాత బయటికొచ్చిన గ్లెన్, రోడ్డు పక్కన ఆపిన తన కారు మంచులో ఎక్కడుందో వెతుక్కుంటూనే, చాలా శుభ్రంగా ఊడ్చారని ఓర్విల్‌ని మెచ్చుకున్నాడు.