ఓపిక పరీక్ష

ఎండెక్కకముందే నడక పరీక్ష ముగించుకుని బందరు బస్సెక్కాలని హెప్సిబా అనుకుంది. కాలేజీలో వ్యాయామ విద్య పాఠాలు చెబుతూ, చేపల వేటకెళ్ళే కుటుంబాల్లోని పెద్దవాళ్ళ దారుఢ్యం మీద ఆమె పరిశోధన చేస్తోంది. వలలు లాగి, గంపలు మోసిన గుండెలు ముసలితనంలోనూ గట్టిగా ఉంటాయని తేలితే, అటు ప్రజల ఆరోగ్యానికీ ఇటు క్రీడాకారుల శిక్షణకీ పనికొస్తుంది. అది కళ్ళారా చూడడానికే గైడు నాగభూషణరావుగారు గుడివాడ నుంచి నాగాయలంక దగ్గరి ఈ పల్లెకు వస్తున్నారు. ఆయన కాదంటే ఆమె శ్రమంతా గంగపాలే.

పెద్దవాళ్ళలో మొదట రత్తయ్య వచ్చాడు. నడిచేటప్పుడు మాట్లాడకూడదని చెప్పి, హెప్సిబా అతన్ని బడి ఆవరణలో రెండు గుర్తుల మధ్య అటూ ఇటూ నడిపించసాగింది. చేపల గంపతో పోతున్న అచ్చమ్మ ఆగి, ఏంటి బావా ఈ తిరుగుడు అని అడిగింది. రత్తయ్య పలకలేదు. హెప్సిబాయే జవాబు చెప్పింది.

"ఒంట్లో ఎంత ఓపికుందో చూస్తున్నామండీ."

"చూసి?"

"పైకి రాసి పంపుతాం."

ఓపికున్నవాళ్ళకి పింఛను తీసేస్తారట అన్న మాట అచ్చమ్మ కంటే ముందే ఊరంతా తిరిగింది.

కాసేపట్లో పల్లెలోని పెద్దవాళ్ళంతా దిగారు. ఎన్నాళ్ళు బతిమాలినా రానివాళ్ళు ఇంతమంది వచ్చారని హెప్సిబా సంబరపడింది, వాళ్ళు నడిచేదాకా. ఒకరు కాలీడ్చారు, ఒకరు గోడ పట్టుకున్నారు. నిన్న పడవను ఒడ్డుకు లాగిన పున్నయ్య నాలుగడుగులేసి కూలబడ్డాడు. అది చూసి రత్తయ్య కూడా కుంటడం మొదలుపెట్టాడు.

"మీరు ఇందాక బాగానే నడిచారు కదండీ?"

"ఇందాక తెలీదమ్మా" అన్నాడు రత్తయ్య.

విషయం రాబట్టి, పింఛనుకీ దీనికీ సంబంధం లేదని హెప్సిబా గొంతు చించుకుంది. ఇంతగా చెబుతోందంటే ఏదో ఉందనుకుని మిగిలినవాళ్ళూ కుంటడం మొదలుపెట్టారు.

సరిగ్గా అప్పుడే నాగభూషణరావుగారు కారు దిగారు. ఆ నడకలు చూసి, నీ అంచనా మొత్తం తప్పమ్మా, మొదటినుంచి మళ్ళీ రాయాలి అన్నారు. వీళ్ళు నటిస్తున్నారు సార్ అంటే, పెద్దవాళ్ళని అలా అనకూడదని మందలించారు. హెప్సిబాకు ఏడుపొక్కటే తక్కువైంది.

ఇంతలో వలల్లో పండుగప్ప చేప నిండుగా పడిందని, వేలంపాట మొదలవుతోందని రేవులోంచి కేక వినిపించింది. పున్నయ్య గోడ దూకాడు. అచ్చమ్మ గంప నెత్తిన పెట్టుకునే అందరినీ దాటేసింది. ఆవరణ ఖాళీ అయిపోయింది.

గైడుగారు నోరు తెరిచి చూసి, ఆ పరుగు కొలవాలంటూ తానే వాళ్ళ వెంటపడ్డారు. వీధి మలుపు దాకా వెళ్ళి, గుండె పట్టుకుని ఒక అరుగు మీద కూలబడ్డారు. హెప్సిబా నీళ్ళు తాగించి, నాడి చూసే పరికరం ఆయన వేలికి తగిలించింది.

"నువ్వు రాసిందే ఉంచమ్మా" అన్నారాయన, ఊపిరందాక.

ఆ పూట నటన లేకుండా పూర్తయిన పరీక్ష అదొక్కటే.