ఇష్టభోజన యజ్ఞం

"మన రాష్ట్రంలో ఇకమీదట ఎవరూ నోరు కట్టుకోనక్కర్లేదు! తింటూనే తగ్గుదాం, తగ్గుతూనే తిందాం!" అని పౌష్టికాభివృద్ధి శాఖామాత్యులు వెంకటప్పయ్య గారు గవర్నర్‌పేటలోని ఒక కల్యాణమండపంలో ప్రకటించేసరికి, వెనక వంటశాలలో గారెలు వేస్తున్నవాళ్ళు కూడా చేతిలో పిండి వదిలేసి చప్పట్లు కొట్టారు. పథకం పేరు ఇష్టభోజన యజ్ఞం. ఇష్టమైనది ఏదీ మానకుండా బరువు తగ్గడం దాని ఆశయం. ప్రజల కోసం పస్తులున్న నాయకుల గురించి మనం చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాం. ప్రజల కోసం భోంచేస్తానని సభాముఖంగా మాటిచ్చిన త్యాగశీలి మాత్రం వెంకటప్పయ్య గారొక్కరే.

"ముందు నేనే తగ్గి చూపిస్తా. ఉగాదికల్లా పది కిలోలు! తగ్గకపోతే..." అని ఆయన ఆగారు. తగ్గకపోతే ఏమవుతుందో చెప్పకుండానే మంచినీళ్ళు తాగి కూర్చున్నారు.

తగ్గకపోతే ఏమవుతుందో ఆ వేదిక మీద కృపానందానికి బాగా తెలుసు. అతను సర్కారీ డైటీషియన్. డాక్టరు కాడు గానీ తెల్లకోటు చూసి అందరూ డాక్టరు గారూ అంటారు. కాదని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి ఊరుకున్నాడు. పెళ్ళైన దగ్గర్నుంచీ అతని ఉద్యోగం ఏజెన్సీ కొండల్లో. భార్య తెరేసమ్మ ఉద్యోగం విజయవాడలో, నర్సుగా. సెలవు దొరికితే బస్సెక్కి రావడం, గుణదలలో అద్దింటి తాళంచెవి ఏ జేబులో ఉందో వెతుక్కునేలోపే మళ్ళీ బస్సెక్కడం, ఇదీ వాళ్ళ కాపురం. ఈ యజ్ఞం పుణ్యమా అని డెప్యుటేషన్ మీద విజయవాడ వచ్చిపడ్డాడు. మంత్రిగారు తగ్గితే ఇక్కడే పర్మనెంటు. తగ్గకపోతే మళ్ళీ కొండెక్కాలి. ఆ సంగతి పీఏ భానుచందర్ అతని భుజం మీద చెయ్యేసి, నవ్వుతూ, ఎంతో ఆప్యాయంగా చెప్పాడు.

మొదటిరోజే మంత్రిగారిని తూచారు. ఆసుపత్రి మిషను ఆయన హోదాకి చాలదని వన్ టౌన్ నుంచి మిర్చి బస్తాలు తూచే కాటా తెప్పించారు. మంత్రిగారు గజమాలతో, కిరీటంతో, భుజాన వెండి గదతో, ఎవరెవరో కప్పిన శాలువలన్నిటితో కాటా ఎక్కారు.

"అయ్యా, ఆ దండా గదా కాస్త పక్కన పెడితే..." అని కృపానందం నసిగాడు.

"భలేవారే డాక్టరు గారూ! అది జనం వేసిన దండ. జనం ముందే తీసి పారేస్తే జనాన్నే తీసి పారేసినట్టు కాదూ?" అన్నాడు భానుచందర్.

కాటా నూట ముప్పై రెండు చూపించింది. జనం జేజేలు కొట్టారు. మా నాయకుడు ప్రతిపక్ష నాయకుడికంటే ముప్పై కిలోలు ఎక్కువని ఒక కార్యకర్త మైకులో గర్వంగా చెప్పాడు. కృపానందం మటుకు లోలోపల గంతులేశాడు. అలంకారాలన్నీ కలిపి పది కిలోలకి ఎక్కడా తగ్గవు. ఉగాదినాడు ఉత్త పంచె, చొక్కాతో తూస్తే చాలు. మంత్రిగారు తగ్గనక్కర్లేదు, ఉన్నచోట ఉంటే అదే పదివేలు!

ఇంటికెళ్ళి ఆ మాటే తెరేసమ్మతో చెప్పాడు.

"అదేంటండీ, మోసం కాదూ?" అంది ఆవిడ.

"నేను తియ్యమనే చెప్పాను తల్లీ! వాళ్ళే వినలేదు."

తెరేసమ్మ ఒక్క నిమిషం ఆలోచించింది. మొగుడు ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నాడు. ఆ దృశ్యం చూసి ఎన్నాళ్ళయిందో! "సరే లెండి, ఆ ప్రభువే క్షమిస్తాడు," అని ఇంకాస్త చారు పోసింది.

కృపానందం మంత్రిగారికి చెప్పినవి మంచి మాటలే. చిన్న పళ్ళెంలో తినండి. బాగా నమిలి, నిదానంగా తినండి. ఇష్టమైనది మానొద్దు, కానీ సగం మీరు తిని సగం పక్కవాళ్ళకి పెట్టండి. నిపుణుల సలహాను ఇంత అక్షరాలా పాటించిన మంత్రి ఈ రాష్ట్ర చరిత్రలో లేడు. వెంటనే చిన్న పళ్ళెం వచ్చింది. పళ్ళెం చిన్నదైపోయింది గనక, అది ఖాళీ అయినప్పుడల్లా నింపడానికి ఒక మనిషిని వేశారు. నిదానంగా తినమన్నారు గనక పొద్దున ఫలహారం మధ్యాహ్న భోజనం దాకా నడిచేది. అంతలో కలెక్టర్ల మీటింగు కూడా పెసరట్టు ఉప్మా మధ్యలోనే అయిపోయేది.

ఇక సగం పెట్టడం సంగతి. మంత్రిగారు తన బందరు లడ్డూలో సగం తుంచి పక్కనున్న కార్యకర్త చేతిలో పెట్టారు. నాయకుడి చేతి ప్రసాదం తిని చేతులు దులుపుకునే కృతఘ్నులా మనవాళ్ళు? ఆ కార్యకర్త కళ్ళు తుడుచుకుని తన లడ్డూలో సగం తుంచి అయ్యగారి పళ్ళెంలో వేశాడు. అతన్ని చూసి ఆ పక్కవాడూ, ఆ పక్కవాడూ వేశారు. బంతి ఆ చివరిదాకా అదే వరస. ఇచ్చింది అర లడ్డూ, వచ్చినవి పళ్ళెం పట్టలేదు.

"ప్రజల ప్రేమ డాక్టరు గారూ! నేనేం చెయ్యను?" అన్నారు మంత్రిగారు, నిండు నోటితో.

ఆపైన జిల్లా పర్యటన మొదలైంది. ఇంటింటికీ వెళ్ళి, ఇష్టభోజనం ఎలా చెయ్యాలో తిని చూపించే కార్యక్రమం అది. మా కృష్ణా జిల్లాలో విస్తరి ముందు కూర్చోవడం మన చేతిలో పని, లేవడం మాత్రం ఇంటావిడ చేతిలో పని. కొసరి కొసరి వడ్డించకపోతే వాళ్ళకి నామర్దా, వద్దంటే మనకి పొగరు. అందులోనూ ఓట్లడిగే మనిషి వద్దంటాడా!

"ఉలవచారు ఇంకొంచెం..."

"చాలమ్మా."

"ఏం, బాలేదా అండీ?"

"అయ్యయ్యో, అంత మాటా! పొయ్యమ్మా, పొయ్యి. మీగడ కూడా వెయ్యి."

కొరమీను పులుసు దగ్గర ఒక ఊరూ, గోంగూర మాంసం దగ్గర ఇంకో ఊరూ ఆయన మీద పంతం పట్టాయి. పక్క ఊళ్ళో మూడుసార్లు వడ్డించుకున్నారని తెలిస్తే ఈ ఊరివాళ్ళు నాలుగోసారి వడ్డించందే కారు కదలనిచ్చేవారు కాదు. కృపానందం వెనకాలే తిరిగాడు. బతిమాలాడు, దణ్ణాలు పెట్టాడు. బెంగతో అతని తెల్లకోటే వదులైంది.

ఉగాది దగ్గరపడింది. భానుచందర్ గది తలుపులు వేయించి, దండల్లేకుండా, గద లేకుండా, చేతి వాచీ కూడా తీయించి మంత్రిగారిని కాటా ఎక్కించాడు. ముల్లు నూట నలభై దగ్గర ఆగింది. ఉండబట్టలేక ఇంకో రెండు గీతలు ముందుకి జరిగింది. గజమాల, గద, కిరీటం బరువును కూడా మంత్రిగారు భోంచేసి పూడ్చేశారు.

మంత్రిగారు కాటా దిగి గంభీరంగా, "నా వైపు నుంచి లోపం ఏమీ లేదు," అన్నారు. నిజమే, ఆయన ఒక్కపూటైనా ఏమరలేదు.

"డాక్టరు గారూ, మీకు కొండలంటే ఇష్టమేనా?" అన్నాడు భానుచందర్, మళ్ళీ అదే ఆప్యాయతతో. కృపానందం మొహం చూసి జాలేసిందో ఏమో, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఒక పని చేద్దాం. అసలు యజ్ఞం ఎవరి కోసమండీ? ప్రజల కోసం. అయ్యగారు యజ్ఞానికి కర్త మాత్రమే. కర్త తగ్గకూడదు, అది అశుభం. ప్రజల్లో ఒక్కడు తగ్గితే చాలు. పది కిలోలు తగ్గినవాణ్ణి, ఇష్టమైనది ఏదీ మాననివాణ్ణి ఒక్కణ్ణి పట్టుకురండి. మీ ఆర్డరు నేను టైపు చేయించి ఉంచుతా."

కృపానందం ఊరంతా గాలించాడు. యజ్ఞంలో చేరిన ప్రతివాడూ మంత్రిగారి అడుగుజాడల్లోనే నడిచి మూడు నాలుగు కిలోలు పెరిగి ఉన్నాడు. ఇంటికొచ్చి, సూట్‌కేసు మంచం కింద నుంచి లాగి దుమ్ము దులపడం మొదలెట్టాడు.

తెరేసమ్మ ఆ రోజు మంగళగిరిలో హెల్త్ క్యాంపుకి వెళ్ళొచ్చింది. సూట్‌కేసు చూడనట్టే నటించి, చెప్పులు విప్పుతూ అంది.

"ఏవండీ, ఇవాళ చౌడయ్యని ఒకాయన వచ్చాడు. నేతపని. పోయినేడాది క్యాంపులో ఆయన్ని నేనే తూచాను, నిండుగా ఉండేవాడు పాపం. ఇవాళ చూస్తే పద్నాలుగు కిలోలు తగ్గిపోయాడు! పరీక్షలన్నీ చేయించాం, జబ్బేం లేదు. ఎవరూ పనివ్వక మగ్గం ఆగిపోయిందట. ఒంటిపూట గంజి తాగుతున్నాడు. మంత్రిగారి దగ్గర తిరుగుతున్నారుగా, ఆయనకి ఏమైనా చెయ్యగలరా?"

కృపానందం సూట్‌కేసు వదిలేసి లేచి నిలబడ్డాడు.

"చేస్తాను," అన్నాడు.

తెరేసమ్మ కళ్ళు చెమర్చాయి. తన మొగుడు బంగారమని ఆవిడ ఎప్పుడూ అంటూనే ఉంటుంది.

ఉగాదినాడు అదే కల్యాణమండపం. వేదిక మీద మంత్రిగారి పక్కన చౌడయ్య. మెడలో దండ, భుజాన శాలువా. అది సూరత్ మిల్లు శాలువా. దాని అంచుని చౌడయ్య వేళ్ళతో నలిపి చూసి వదిలేశాడు. క్యాంపులో తూచిన నర్సు సాక్ష్యం ఉందని, పద్నాలుగు కిలోలు తగ్గాడని భానుచందర్ మైకులో చెప్పగానే హాలు దద్దరిల్లింది. పది అనుకుంటే పద్నాలుగు! ప్రభుత్వం లక్ష్యాన్ని మించడం జనం చూడక చాలాకాలమైంది.

ప్రత్యూష అనే విలేకరి లేచి నిలబడింది. "చౌడయ్య గారూ, నిజంగా ఇష్టమైనవి ఏవీ మానలేదా?"

"మానలేదమ్మా," అన్నాడు చౌడయ్య. అబద్ధం అలవాటులేని మనిషి. "ఆవకాయన్నం ఇష్టం, ఇప్పటికీ ఇష్టమే. గారెలు ఇష్టం. వేటమాంసం అంటే ప్రాణం. ఒక్కదాని మీదా ఇష్టం చావలేదు."

చప్పట్లు.

"అయితే మరి ఎలా తగ్గారండీ?"

"దొరికితేగా అమ్మా..."

"దొరికితే గానీ ఇలాంటి నాయకుడు, మనమంతా తగ్గలేం అంటున్నారు చౌడయ్య గారు!" అని భానుచందర్ మైకు అందుకున్నాడు. చౌడయ్యను యజ్ఞానికి ప్రచారకర్తగా నియమిస్తున్నట్టు మంత్రిగారు ప్రకటించారు. ఊరూరా బొమ్మలు పెడతామన్నారు. ఆ ఊపులోనే కృపానందాన్ని పిలిచి, విజయవాడలో పర్మనెంటు చేస్తూ ఆర్డరు చేతికిచ్చారు. కృపానందం రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆడవాళ్ళ వరసలో తెరేసమ్మ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

భోజనాలకి వెళ్తుండగా భానుచందర్ అతని చెవిలో ఊదాడు. "నెలాఖరుకి ఢిల్లీ నుంచి అవార్డు కమిటీ వస్తోంది. ఈయన్ని వాళ్ళ ముందు మళ్ళీ తూస్తారు. ఒక్క కిలో పెరిగాడో, మీ ఆర్డరు నేనే చింపేస్తా. మనిషి మీ పూచీ."

బంతిలో మంత్రిగారి పక్కన చౌడయ్య, చౌడయ్య పక్కన కృపానందం, ఎదురు వరసలో తెరేసమ్మ కూర్చున్నారు. విస్తళ్ళలో పులిహోర, గారెలు, పప్పు, ఆవకాయ, గుత్తివంకాయ, వేడన్నం. చౌడయ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. తరవాత తల ఎత్తలేదు. మంత్రిగారు ఇంకా పులిహోర దగ్గరే ఉండగా చౌడయ్య విస్తరి కడిగినట్టు ఖాళీ అయిపోయింది. చూస్తున్న తెరేసమ్మకి కడుపు నిండిపోయింది.

"అయ్యా, ఇటు! ఆ పెద్దాయనకి వడ్డించండి! అన్నం వేసి నెయ్యి బాగా పొయ్యండి," అని వడ్డించేవాణ్ణి కేకేసింది.

వడ్డించేవాడు పళ్ళెం నిండా అన్నంతో వచ్చాడు. చౌడయ్య విస్తరిని కాస్త ముందుకి జరిపాడు. గరిటె వంగింది.

కృపానందం చెయ్యి చాపి విస్తరికి అడ్డం పెట్టాడు.

"చాలయ్యా. ఆయనకి చాలు."

వడ్డించేవాడు చౌడయ్య మొహంలోకి చూశాడు. చౌడయ్య ఆ చేతి వైపు చూశాడు. ఎంతైనా పెద్ద ఉద్యోగి, తన కోసం ఇంత చేసిన మనిషి.

"అవునండీ, చాలండీ," అన్నాడు.

"ఇటు తేవయ్యా, ఇటు తే!" అన్నారు మంత్రిగారు. "విస్తరి దాకా వచ్చిన అన్నాన్ని తిప్పి పంపకూడదు."

తెరేసమ్మ తన విస్తరి ముందు నుంచి లేచింది. ఆవిడ అన్నం ఇంకా కలపనైనా కలపలేదు. విస్తళ్ళు తొక్కకుండా చుట్టూ తిరిగొచ్చి మొగుడి వెనక నిలబడింది.

"ఏవండీ, ఆ సూట్‌కేసు నేను సర్దేస్తాను," అంది మెల్లిగా. "కొండల్లోకే వేయించుకోండి."

ఆవిడ చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయింది. కృపానందం చెయ్యి ఇంకా చౌడయ్య విస్తరి మీదే ఉంది.