పసుపు టోపీ మనిషి

ఆ సోమవారం పొద్దున సానయ్య వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఎనిమిదింటికి టీవీలో ఆట పెట్టాలి, బోర్డు పాతాలి, టీవీ కట్టేయాలి, స్నానం చేసి షాపుకు వెళ్లాలి. సాయంత్రం ఐదయ్యేసరికి పెళ్లవుతుందో లేదో తేలిపోతుంది.

సానయ్య అతని అసలు పేరు కాదు. కళ్లద్దాల షాపు వెనక గదిలో పొద్దస్తమానం లెన్సులు సానపడుతుంటాడని ఓనరు పెట్టిన పేరది. ముందు గదిలో కళ్లు పరీక్ష చేసే అమ్మాయికీ ఓనరే పేరు పెట్టాడు, టీచరమ్మ అని. ఎంత పెద్దమనిషి వచ్చినా గోడ మీది అక్షరాలు కర్రతో చూపించి చదివిస్తుంది, తప్పు చదివితే ఊరుకోదు. షాపులో వీళ్లిద్దరూ ఎదురుపడితే మాట పెగలదు. ఆటలో మాత్రం ఇరుగుపొరుగు. తోటలు పెంచి, చేపలు పట్టి, ఇళ్లు కట్టుకునే ఆట అది. అందులో అతని మనిషికి ఎర్ర చొక్కా, ఆమె మనిషికి పసుపు టోపీ. ఆదివారాలు చెవులకు మైకులు తగిలించుకుని కబుర్లాడుతూ ఆడతారు. ఆట మాట షాపులో ఎత్తరు, ఓనరుకు ఫోన్లన్నా గేమ్‌లన్నా ఒళ్లుమంట.

టీచరమ్మకు రోజూ మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా విరామం. ఆ వేళ ఆమె ఇంటికెళ్లి తన తోటలోకి వస్తుందని సానయ్యకు తెలుసు. గుమ్మడికాయలు అలా లావెక్కడం, వాగు మీద వంతెన లేవడం, అంతా ఆమె చలవేననుకున్నాడు. తన వంతుగా నలభై రోజులు పొద్దున్నే లేచి ఒక ఇల్లు కట్టాడు. కాస్త వంకరగా వచ్చింది. దాని ముందు ఆ రోజు బోర్డు పాతాడు: "నన్ను పెళ్లి చేసుకుంటావా?" ఎవరు రాశారో, ఎవరికి రాశారో మాత్రం వేయలేదు. ఆటలోని ఆ పల్లెలో ఉన్నదే ఇద్దరైతే పేర్లెందుకని అతని ఉద్దేశం.

పల్లెలో ముగ్గురున్నారు.

మూడో మనిషి సానయ్య తల్లి. ఎనిమిది నెలల కిందట టీవీ దుమ్ము దులుపుతూ కంట్రోలరు నొక్కింది. తెర మీద తోట కనిపించింది, నడుమ ఆ ఎర్ర చొక్కా మనిషి, చుట్టూ మొక్కలు ఎండిపోతున్నాయి. కళ్లెదుట మొక్క ఎండుతుంటే చూస్తూ ఊరుకునే మనిషి కాదు. ఆ పూట ఎర్ర చొక్కా మనిషి చేత నీళ్లు పోయించింది, మర్నాడు పాదులు చేసింది, నెల తిరిగేసరికి వంతెన కట్టింది. కొడుకు ఆదివారం ఆడేది ఇంకేదో ఆటనుకుంది. మధ్యాహ్నం పూట పసుపు టోపీ పెట్టుకుని వచ్చే మనిషిని తనలాగే వంటిల్లు సర్దుకుని తీరిక చేసుకున్న ఏ ఇల్లాలో అనుకుని, చాలా స్నేహంగా ఉండేది.

ఇక టీచరమ్మ సంగతి. సానయ్య వెనక గదిలో మెషిన్ పక్కన ఫోను దాచుకుని, ఉద్యోగం పోతుందన్న భయం లేకుండా, రోజూ తన కోసం ఆటలోకి వస్తున్నాడని ఆమె నమ్మకం. ఓనరు వింటాడు గనక మైకులో మాట్లాడడని సరిపెట్టుకుంది. ఆదివారం చిందులు తొక్కే మనిషి మధ్యాహ్నం వేళ అంత ఓపికగా పాదులు చేస్తాడా అని మురిసిపోయేది. ఒక్క మాటలో చెప్పాలంటే, ఆ ఓపిక మీదే మనసు పడింది.

ఆ రోజు రెండున్నరకు తల్లి ఆట తెరిచింది. నిన్నటిదాకా మొండిగోడల్లా కనిపించినది ఇల్లయి కూర్చుంది. దాని ముందు బోర్డు. చదివేసరికి ఆమెకు పై ప్రాణం పైనే పోయింది. అంటే ఈ పసుపు టోపీ మగవాడా? ఎనిమిది నెలలుగా తన పక్కన కూర్చుని గుమ్మడికాయలు ఎంచింది ఇందుకా? బోర్డు పీకి పారేసి, కొత్తది పాతి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాసింది: "నాకు పెళ్లయి ముప్పై ఏళ్లయింది. పెళ్లీడుకొచ్చిన కొడుకున్నాడు. ఇంకోసారి ఇటు రావద్దు." టీవీ కట్టేసి, చెప్పులేసుకుని రెండు వీధుల అవతలున్న భర్త టైలరు షాపుకు పరుగెత్తింది.

"ఏవండీ, ఎవడో నన్ను పెళ్లి చేసుకుంటానంటున్నాడండీ."

భర్త చేతిలో కత్తెర ఆగింది. "ఎవడు?"

"మొహం ఎరగను. పసుపు టోపీ పెట్టుకుంటాడు. నా కోసం ఇల్లు కూడా కట్టేశాడు."

"ఎన్ని గదులు?" అన్నాడాయన.

మూడింటికి టీచరమ్మ ఆటలోకి వచ్చి రెండో బోర్డు చూసింది. మొదటి బోర్డు ఆమె చూడనే లేదు. పోయిన వారం ధైర్యం చేసి ఆటలో అతని తోట గుమ్మం ముందు పూలమొక్కలు నాటింది. దానికి జవాబు ఇదన్నమాట. కాదనాలంటే కాదనొచ్చు, ఇంత వెటకారం దేనికని ఏడుపు తన్నుకొచ్చింది. మొహం కడుక్కుని ఐదింటికి షాపుకు వచ్చి నేరుగా వెనక గదిలోకి నడిచింది.

సానయ్య మెషిన్ ఆపాడు. "బోర్డు చదివారా?"

"చదివాను."

"మనస్ఫూర్తిగానే రాశానండీ."

"ముప్పై ఏళ్ల కాపురం, పెళ్లీడుకొచ్చిన కొడుకు, ఇదంతా మనస్ఫూర్తిగానేనా?"

సానయ్యకు ఒళ్లు పులకరించింది. తను పెళ్లి అన్నాడో లేదో, ఈ అమ్మాయి ముప్పై ఏళ్లు ముందుకెళ్లి కొడుక్కి సంబంధాలు చూస్తోంది. "అంత దూరం నేను ఆలోచించలేదండీ. మీరు ఆలోచించారంటే సంతోషం."

ఫ్రేముల పెట్టెతో ఓనరు గుమ్మంలోకి వచ్చింది సరిగ్గా అప్పుడే.

"కొడుకున్నాడని ఒప్పుకుంటున్నారా?" అంది టీచరమ్మ.

"కొడుకేంటండీ, కూతురైనా నాకు ఇష్టమే."

టీచరమ్మ కళ్లు తుడుచుకుంటూ ముందు గదిలోకి వెళ్లిపోయింది. ఓనరు చప్పుడు చేయకుండా వెనక్కి నడిచి, సానయ్యను తన దగ్గర పనికి కుదిర్చిన టైలరుకు ఫోన్ చేశాడు.

"మీవాడు మాకు తెలియకుండా పెళ్లి చేసుకున్నాడండీ. పిల్లలు కూడానట. ఇక్కడ ఇంకో అమ్మాయి ఏడుస్తోంది."

టైలరు ఫోన్ పెట్టేసి, ఇంటికెళ్లడానికి భయపడి అక్కడే కూర్చున్న భార్య వైపు చూశాడు. "మనింట్లో ఒక్క పూటకి ఎన్ని పెళ్లిళ్లే?"

పావుగంటలో ఇద్దరూ కళ్లద్దాల షాపులో ఉన్నారు. ఆయన మెడలో టేపు అలాగే వేలాడుతోంది. ఆమె సానయ్య భుజం పట్టుకుని ఊపేసింది.

"నా కోడలేదిరా? నా మనవడేడిరా?"

"ఏ మనవడమ్మా?"

"నన్నడిగితే నాకేం తెలుసు? మధ్యాహ్నం నుంచీ నా ప్రాణానికి ఇదొకటి. అక్కడ చూస్తే ఆ పసుపు టోపీవాడు పెళ్లంటూ బోర్డు పెట్టాడు. ముప్పై ఏళ్ల కాపురం, ఎదిగిన కొడుకున్నాడని నేను రాసి వస్తే, ఇక్కడ నీ యవ్వారం ఇలా ఉంది."

టీచరమ్మ లేచి నిలబడింది. "అమ్మగారూ, ఆ బోర్డు మీరు రాశారా?"

"నేనే రాశాను. నీకెలా తెలుసు?"

"పసుపు టోపీ నేనేనండీ."

టీచరమ్మ నెమ్మదిగా అడిగింది. "గుమ్మడి తోటకి నీళ్లు పోసేది?"

"నేనే."

"వంతెన?"

"నేనే కట్టాను. వారం పట్టింది."

సానయ్య గొంతు సవరించుకున్నాడు. "పెళ్లి బోర్డు నాది. వంకర ఇల్లు నాది."

టీచరమ్మ ఎనిమిది నెలలుగా ఎవరి ఓపిక చూసి మనసు పడిందో ఆవిడ ఎదురుగా చెమట తుడుచుకుంటోంది. "అంటే ఇన్నాళ్లూ నాకు నచ్చింది మీరు కాదు," అంది సానయ్యతో. "మీ అమ్మగారు."

సానయ్య తల వంచుకున్నాడు. ఇక పోయేదేమీ లేదనిపించిందేమో, ఎప్పుడూ లేనిది గడగడా మాట్లాడాడు. "తోట చేయడం నాకు రాదండీ. ఆదివారం మీతో ఆడేది మాత్రం నేనే."

"వంతెన పక్కనే ఉండగా ప్రతివారం వాగులో పడేది?"

"నేనే. మొదటిసారి చేతకాక పడ్డాను, మీరు నవ్వారు. అప్పట్నుంచి కావాలనే పడుతున్నాను. ఆ నవ్వు వింటే నాకు వారమంతా గడిచిపోతుంది."

టీచరమ్మ కళ్లద్దాలు తీసి తుడిచింది, పెట్టుకుని అతన్ని మళ్లీ చూసింది. తర్వాత అతని తల్లి దగ్గరికి వెళ్లి చేయి పట్టుకుంది.

"అత్తయ్యా, కాయలు ముదిరిపోతున్నాయి. రేపు మధ్యాహ్నం కోసేద్దామా?"

"కోసేద్దాం తల్లీ," అంది ఆవిడ. టైలరు అలవాటు కొద్దీ ఆ అమ్మాయి భుజాల కొలత కళ్లతోనే తీసుకున్నాడు. ఓనరు ఎటువైపు చూడాలో తెలియక ఫ్రేములు లెక్కపెట్టాడు.

"అంతా బాగానే ఉంది," అన్నాడు సానయ్య దీనంగా. "మరి నా బోర్డుకి జవాబు?"

అప్పటికే జవాబొచ్చేసిందని అతనికి తట్టేసరికి షాపు మూసే వేళయింది.