కర్ర ఆధారిత ప్యానెల్

దేశాన్ని గాడిలో పెట్టే పని బోధన్ నుంచే మొదలవుతుందని చెరుకు రైతుల సంఘం అధ్యక్షులు ఆత్మారాం గారు ప్రకటించారు. మన దేశం, నేపాల్ ఇరవై ఏళ్లుగా ప్లైవుడ్డు, పార్టికల్ బోర్డు ఎంతెంత దిగుమతి చేసుకున్నాయో ఆయన సభ పెట్టి పోల్చి చూపిస్తారట. ఇందుకోసం సొంత సుఖం చూసుకోకుండా సకుటుంబంగా ఖాట్మండులో బస చేసి వచ్చారు. చెరుకు పిప్పితో మనమే బోర్డులు చేసుకోవచ్చు కదా అన్నది ఆయన ఆవేదన. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇక్కడ చెరుకేది అని అడిగే గిట్టనివాళ్లు ఎక్కడైనా ఉంటారు.

గోడల మీద పోస్టర్లు పడ్డాయి: "కర్ర ఆధారిత ప్యానెళ్ల దిగుమతి: రెండు దేశాల పోలిక."

అది చదివి నాగేందర్‌కు కళ్లు చెమర్చాయి. ఆత్మారాం గారి ఊరేగింపుల్లో ఇరవై ఏళ్లుగా జెండా కర్ర మోస్తున్నది అతనే. సంఘం ఎన్నికలకు అభ్యర్థుల ప్యానెల్ వేసిన ప్రతిసారీ ఆయనకు గుర్తురాని పేరూ అతనిదే. ఇప్పుడు మళ్లీ ఎన్నికలు నెత్తి మీదికొచ్చాయి.

"సవితా, ఈసారి పక్కా. కర్ర పట్టినోళ్లకే ప్యానెల్ అని పోస్టరే ఏసిండ్రు."

బీడీలు చుడుతున్న భార్య తలెత్తింది. "మరి దిగుమతి అంటే?"

"పక్క పార్టీలకెల్లి మనుషుల్ని తెచ్చుకునుడు. గదే వద్దంటుండు అన్న."

సవిత నమ్మింది. వాడకట్టంతా పేడాలు పంచి, బంతిపూల దండ గుచ్చి మొగుడి చేతికిచ్చి పంపింది.

సభకు జనం బాగానే వచ్చారు. చార్టు పెట్టే స్టాండు మాత్రం రాలేదు. అది తెస్తున్న ఆటో ఇందల్వాయి దగ్గర పంచరైంది.

"నాగేందరూ, నీ చెయ్యి లేకుంటే ఎట్లరా? పైకి రా!" అన్నారు ఆత్మారాం గారు.

నాగేందర్ దండతో సహా వేదికెక్కాడు. చార్టు అంటించిన నిలువెత్తు ప్లైవుడ్డు పలకను అతనికి అప్పగించారు. ఇక జనానికి అతని చెప్పులే కనిపించాయి.

"సూడుండ్రి! మన దిగుమతి నిలువు గీతలన్నీ ఎట్ల కిందికి దిగుతున్నయో! నేపాల్ పరేషాన్ల ఉన్నది!"

చప్పట్లు మోగాయి. విలేకరి రామ్‌దాస్‌కు ఒక్క సందేహం వచ్చింది. "అన్నా, అక్షరాలు తలకిందులున్నయి గదా?"

"గది నేపాలీ."

రామ్‌దాస్ రాసుకున్నాడు. పలకకు ఏది పైవైపో తెలియాలంటే దాని ముందు నిలబడాలి. నాగేందర్‌కు ముందు నిలబడే అవకాశం ఎప్పుడూ రాలేదు.

దిగుమతులే దేశానికి దరిద్రమని ముగించి, ఆత్మారాం గారు తన ప్యానెల్‌ను పైకి పిలిచారు. ఐదుగురొచ్చారు. నిన్నటిదాకా ఐదుగురూ ఎదుటి పార్టీయే. కొత్త కండువాల మడతలు ఇంకా విడలేదు. దండ ఒకటి తక్కువైతే నాగేందర్ చేతికున్నది లాగి, ఐదో ఆయన మెడలో వేశారు.

"అన్నా, మరి నేను?" పలక వెనక నుంచి గొంతు వచ్చింది.

"కదలకురా, ఫొటో తీస్తుండ్రు."

జనం వెళ్లిపోయారు. దించమని ఎవరూ చెప్పలేదు కనుక నాగేందర్ పలక పట్టుకునే ఉన్నాడు. అతని ముక్కుకు ఎదురుగా, పలక వెనక, ఏదో పరాయి దేశం పేరు ముద్రేసి ఉంది. జేబులో ఫోను మోగింది. పలకను భుజానికి ఆనించుకుని ఫోనెత్తాడు.

"ఏమాయె?" అంది సవిత. వెనక ఆడవాళ్ల సందడి వినిపిస్తోంది. "ప్యానెల్ల పెట్టిండ్రా?"

నాగేందర్ జారుతున్న పలకను మళ్లీ నిలబెట్టుకున్నాడు.

"పెట్టలే. పట్టుకొమ్మన్నరు."