భాషాభివృద్ధి ప్రశంసాపత్రం

నగర నీటి సరఫరా కార్యాలయం ఏటా ఒక ఉద్యోగికి భాషాభివృద్ధి ప్రశంసాపత్రం ఇచ్చి సత్కరిస్తుందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఒక ఉద్యోగికి అంటే, ఒకే ఉద్యోగికి. పదకొండేళ్ళుగా ఆ గౌరవం చిత్తుల గుమాస్తాకే దక్కుతోంది. పోటీకి మరెవరూ రాలేదు. మరెవరి ముఖమూ అందుకు తగినట్టు లేదు మరి.

ఆవిడ ముఖం వేరు. రంగు వేరు, జుట్టు వేరు. తాతగారు ఎక్కడినుంచో ఓడలో వచ్చి ఈ ఊరికి నీటిగొట్టాలు వేశారు. తండ్రి ముప్పై ఏళ్ళు ఆ గొట్టాలకు మరమ్మతులు చేశారు. ఆవిడ కార్యాలయానికి రెండు వీధుల అవతల పుట్టింది, మన భాషలోనే తొలిపలుకులు పలికింది, బళ్ళో మన భాష పద్యాలు అప్పజెప్పలేకే తన్నులు తింది. వేరే భాష ఒక్క ముక్క రాదు. అయినా సరే, ఆవిడ నోరు తెరిస్తే ఎదుటివాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. ఎంత చక్కగా మాట్లాడుతున్నారండీ, ఎన్నాళ్ళు పట్టింది నేర్చుకోవడానికి అని అడుగుతారు. కొళాయి రావడం లేదని మండిపడుతూ వచ్చినవాళ్ళు కూడా ఆ ఆశ్చర్యంలో ఫిర్యాదు మరిచిపోయి, మెచ్చుకుని వెళ్ళిపోతారు. ఫిర్యాదులు మూడో వంతు తగ్గాయని వార్షిక నివేదికలో గర్వంగా రాశారు. ఆ నివేదిక రాసిందీ ఆవిడే.

ఆ కార్యాలయంలో ఏ కాగితమైనా ముందు చిత్తు రాయాలి, పెద్ద అధికారి చూశాక సాపు రాయాలి. చిత్తులన్నీ ఆవిడవే. మంజూరు చేసే ఉత్తరం, కుదరదనే ఉత్తరం, సంతాపం, సంజాయిషీ, ఆఖరికి అధికారిగారి అత్తగారికి జబ్బు చేసిందన్న సెలవు చీటీ కూడా. ప్రశంసాపత్రం ఇచ్చేటప్పుడు అధికారి చదివే ఉపన్యాసం మాత్రం ఎవరు రాస్తారు? తనను తాను పొగుడుకోవాలంటే ఆవిడకు తల కొట్టేసినట్టుండేది. అందుకని నాలుగు పొడి మాటలతో సరిపెట్టేది. అధికారి దానికి తన సొంత వాక్యం ఒకటి చేర్చేవారు: "వీళ్ళల్లో కూడా ఇలాంటివాళ్ళు ఉంటారంటే నమ్మబుద్ధి కాదు." అందరూ చప్పట్లు కొట్టేవారు.

ఈ ఏడు హెడ్ గుమాస్తా పదవీ విరమణ చేశారు. సీనియారిటీ ప్రకారం ఆ కుర్చీ ఆవిడది. ఇంట్లో తండ్రి మోకాళ్ళకు నూనె రాసుకుంటూ ఆ కబురు విన్నాడు. ముప్పై ఏళ్ళు ఆ కుర్చీ ముందు నిలబడి హాజరు వేయించుకున్న మనిషి. ఒక్కసారి కూడా ఆయన్ని ఎవరూ కూర్చోమనలేదు.

"నువ్వు ఆ సీట్లో కూర్చున్న రోజు నేనొస్తానమ్మా. ఎదురుగా కుర్చీ ఉంటుంది చూడు, అందులో నన్ను కూర్చోమను. చాలు," అన్నాడు.

ఎంపిక సంఘం ముగ్గురు సభ్యులతో కొలువుదీరింది. ఆవిడ ఫైలు తెరిచారు. పదకొండు ప్రశంసాపత్రాలు. ఈమె భాష ఏటేటా అభివృద్ధి చెందుతున్నది అని పదకొండింటిలోనూ ఉంది. పదకొండేళ్ళుగా అభివృద్ధి చెందుతూనే ఉందంటే నేర్చుకోవడం ఇంకా పూర్తికాలేదన్నమాట అని సంఘం లెక్క తేల్చింది. హెడ్ గుమాస్తాకు భాష క్షుణ్ణంగా వచ్చి ఉండాలన్నది నిబంధన. కనుక ఎంతో విచారంతో ఆ కుర్చీని అధికారిగారి బావమరిదికి ఇచ్చారు. ఆయనకు భాష వస్తుందో రాదో ఎవరూ అడగలేదు. ముఖం చూస్తే తెలియడం లేదూ?

అధికారి ఆవిడను పిలిపించి ఎంతో ఆప్యాయంగా సంగతి చెప్పారు. "నీకు పోస్టు ఇవ్వడం లేదనే ఉత్తరం చిత్తు కూడా నువ్వే రాసెయ్యమ్మా. నొప్పించకుండా రాయడం నీ అంత బాగా మనవాళ్ళెవరికీ చేతకాదు."

ఆవిడకు కోపం వచ్చింది. పదకొండేళ్ళలో రావలసిన కోపమంతా ఒక్కసారే వచ్చింది. ఇంటికెళ్ళి నాన్నకు ఏం చెప్పాలో తోచక ఏడుపూ వచ్చింది. రెండూ దిగమింగుకుని కలానికి మూత పెట్టింది.

"నాకు రాదండి," అంది.

"ఏం రాదు?"

"మన భాషండి. ఇంకా నేర్చుకుంటున్నానని మీరే సంతకం పెట్టారు కదా. పూర్తయ్యాక రాస్తాను."

అధికారి ఆవిడ ఫైలు తిరగేశారు. ఆ సంతకాలు ఆయనవే, కాదనడానికి లేదు.

అలా చిత్తులు కొత్త హెడ్ గుమాస్తా చేతికొచ్చాయి. ఆయన మూడు రోజులు తలుపు వేసుకుని శ్రమించి మొదటి ప్రకటన వెలువరించారు. గొట్టాలు మందు వేసి కడుగుతున్నారు, రెండు రోజులు కొళాయి నీళ్ళు తాగకూడదు, ఇదీ విషయం. వీధి మలుపులో అంటించిన కాగితం మీద ఇలా ఉంది: "శుభ్రపరచబడుచున్న కారణమున జలము తాగరాదని ఎరుగని ప్రజలు రెండు దినములు తాగకుండా ఉండకుండుటకు ఇందుమూలముగా కోరడమైనది."

జనం గుమిగూడి రెండేసి సార్లు చదివారు. తాగాలా వద్దా అని వాదులాడుకున్నారు. కొందరు పిల్లలకు అప్పటికే పట్టించేశారు కూడా. తండ్రిని చెయ్యిపట్టి నడిపించుకొస్తూ ఆవిడ అక్కడ ఆగింది. కాగితం చదివి, గొంతు పెంచి చెప్పింది.

"రెండ్రోజులు కొళాయి నీళ్ళు తాగకండి. కాచినా సరే, తాగకండి. పిల్లలకి అస్సలు పట్టకండి."

అందరికీ ఒక్క దెబ్బకు అర్థమైంది. బిందెలు ఒలకబోయడానికి ఇళ్ళకు కబుర్లు వెళ్ళాయి. ముందు వరసలో ఉన్న రిటైర్డు మాస్టారు వెనక్కి తిరిగి, ఆవిడ ముఖాన్నీ పక్కనున్న తండ్రి ముఖాన్నీ పరీక్షగా చూశారు.

"ఎంత చక్కగా చెప్పావమ్మా మన భాషలో," అన్నారు మెచ్చుకోలుగా. తర్వాత కాగితం వైపు జాలిగా వేలు చూపించారు. "ఈ నోటీసు రాసింది మాత్రం మీవాళ్ళెవరో అయ్యుంటారు. పోనీలే, వాళ్ళకి ఈ మాత్రం రావడమే గొప్ప."

తండ్రి కూర్చోవడానికి చోటేమైనా ఉందేమోనని అటూ ఇటూ చూశాడు. చుట్టూ నిలబడ్డ మనమందరం మాస్టారి మాట నిజమేనన్నట్టు తలలూపాం.