మెరక వాటా, పల్లం వాటా

శనివారం పొద్దున పరుపుల వ్యాపారి కాఫీ తాగుతూ వేసుకున్న లెక్క ఎక్కడా తేడా లేని లెక్క. సోమవారం కొత్త పరుపులతో వ్యాను వస్తుంది. వాన నేడో రేపో వస్తుంది. వాన కంటే ముందు బాట పక్కన కాలవ తవ్విస్తే వ్యాను ఇంటిదాకా వస్తుంది, లేకపోతే రాదు. పోయినసారి వ్యాను బురదలో ఇరుసుదాకా దిగబడినప్పుడు డ్రైవరు ఒకే ఒక్క మాటన్నాడు: "ఇంకోసారి ఈ బాటలోకి రాను సార్. సరుకు తారురోడ్డు మీద దింపేసి పోతా." తడిసిన పరుపుని కొనేవాడు ఉండడు సరే, ఊరికే ఇచ్చినా మోసుకుపోయేవాడు ఉండడు. సీజను సరుకంతా ఆ వ్యానులోనే ఉంది.

ఆ బాట తారురోడ్డు దగ్గర మొదలై వాగు దగ్గర ఆగిపోయే మట్టిబాట. దాని మీద ఉన్నవి రెండే ఇళ్ళు. ముందు పరుపుల వ్యాపారిది, చిట్టచివర వాగు ఒడ్డున అతని అన్నగారిది. రెండిళ్ళ బాటని పట్టించుకునే ప్రభుత్వం ఇంకా పుట్టలేదు కాబట్టి కాలవ ఖర్చు తనే పెట్టుకోవాలని వ్యాపారి ఎప్పుడో తేల్చుకున్నాడు.

వాళ్ళ నాన్న ఉన్నప్పుడే స్థలం పంచి ఇచ్చాడు. మెరక పెద్దాడికి, పల్లం చిన్నాడికి అన్నాడు. పల్లం వాడికి నీళ్ళ బాధ ఉంటుంది గనక, ఆ నష్టానికి బదులుగా పక్కనున్న ముక్క కూడా చిన్నాడికే అన్నాడు. ఆ ముక్కలోనే వ్యాపారి గోదాం కట్టుకున్నాడు. అన్నగారు మెరకకి తగ్గట్టు ఇంకా ఎత్తున పునాది లేపి ఇల్లు కట్టుకున్నాడు. ఆ మెట్లెక్కి వచ్చిన చుట్టాలు ఆయాసపడుతుంటే, "మాది మెరక కదా" అని మంచినీళ్ళిచ్చేవాడు. ఏది మెరకో ఏది పల్లమో కొలిచి చూడాలని ఇన్నేళ్ళలో ఎవరికీ తోచలేదు. నాన్న చెప్పిన మాటకి కొలతేమిటి?

మేస్త్రీ వచ్చి వాటం ఎటు పెట్టమంటారని అడిగాడు.

"అది మా నాన్న ఎప్పుడో పెట్టేశాడు. అన్నయ్యది మెరక, నాది పల్లం. అక్కణ్ణుంచి ఇటు తవ్వుకొచ్చి, తారురోడ్డు పక్కనున్న పెద్ద కాలవలో కలిపెయ్" అన్నాడు వ్యాపారి.

మేస్త్రీకి కూలి తవ్వకానికే గాని ఆలోచనకి కాదు. సరేనని మొదలుపెట్టాడు.

అన్నగారు డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం పోయినా ఈల మెడలోంచి పోలేదు. పారలు పడుతుంటే గట్టున నిలబడి ఈలలు వేస్తూ పనివాళ్ళ చేత వరస కట్టించాడు. కాసేపటికి ఆయనకీ ఒక ఆలోచన వచ్చింది. ఎలాగూ కాలవ తన గోడ దగ్గరే మొదలవుతోంది, తన దొడ్లో నీళ్ళు కూడా తమ్ముడి ఖర్చుతో బయటికి పోతే బాగుంటుంది కదా అని, ప్రహరీ గోడకి అడుగున ఒక కన్నం పెట్టించాడు. తమ్ముడు కాదనలేదు. ఒక కన్నంతో అన్నగారి సంతోషం దొరుకుతుంటే బేరం లాభమే.

ఆదివారం పొద్దున వాన దంచింది.

తారురోడ్డు పెద్ద కాలవలో నీళ్ళన్నీ, ఎన్నాళ్ళ నుంచో దారి వెతుక్కుంటున్నట్టు, కొత్త కాలవలోకి తిరిగాయి. తిరిగి, వ్యాపారి గుమ్మం ముందు నుంచి గలగలా పారి, అన్నగారి గోడకున్న కన్నంలోంచి దొడ్లోకి దూరాయి. వదినగారి కేక విని వ్యాపారి గొడుగు వేసుకుని పరిగెత్తేసరికి దొడ్లో నీళ్ళు రెండో మెట్టు దాకా ఉన్నాయి. ఖాళీ గ్యాసు బండ ఒకటి దొడ్డంతా తేలుతూ, పిలవని చుట్టంలా తిరుగుతోంది. అన్నగారు వరండాలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"వాన పడితే దొడ్లో నీళ్ళుంటాయి. ఇందులో వింతేముంది?" అన్నాడు.

"కన్నంలోంచి వస్తున్నాయండీ బాబూ" అంది వదిన.

"రావడం లేదు, పోతున్నాయి. నువ్వు సరిగ్గా చూడు."

సరిగ్గా అప్పుడే ఆ కన్నంలోంచి వ్యాపారి భార్య గుమ్మం ముందు విడిచిన చెప్పు ఒకటి తేలుతూ లోపలికి వచ్చింది. దాని వెనకే రెండోది వచ్చింది. అన్నగారు వాటిని చూసి, చూడనట్టు ఆకాశం వంక చూశాడు.

ఇక్కడే వ్యాపారి నోరు జారాడు. నలభై ఏళ్ళుగా మెరక మెరక అని వినివిని ఉన్నాడేమో, ఆ చెప్పుల జత చూడగానే నవ్వు ఆగలేదు. "అన్నయ్యా, నీరు పల్లమెరుగు అన్నారు. మెరక నాదే, పల్లం నీది" అనేశాడు.

అన్నగారు మెల్లగా మెట్లు దిగి, నీళ్ళలో నిలబడి, మోకాళ్ళ కేసి చూసుకుని, తమ్ముడి ఇంటి వైపు చూశాడు. ఇంటి వైపు చూసిన చూపు పక్కకి జరిగి గోదాం మీద ఆగింది.

"అయితే పల్లం నాదన్నమాట" అన్నాడు నింపాదిగా.

"అవును మరి."

"పల్లం వాడికి నాన్న ఇచ్చిన ముక్క కూడా నాదన్నమాట."

వ్యాపారి అంగట్లో ఇన్నేళ్ళు కూర్చున్నాడు, ధర తెలియకుండా ఒక్క పరుపు అమ్మి ఎరగడు. ఆ పొద్దున మాత్రం గోదాం పెట్టి ఒక నవ్వు కొనుక్కున్నాడు.

తొందరపడి అన్నానని, నీళ్ళు వేగం మీద మెరక కూడా ఎక్కుతాయని, ఇది కాలవ తప్పే గాని నేల తప్పు కాదని చాలా చెప్పి చూశాడు. అన్నగారు వినలేదు. వరండాలోకి కుర్చీ తెప్పించుకుని దొడ్డికి కాపలా కూర్చున్నాడు. వదినగారు చీపురు తీస్తే ఈల వేశాడు.

"ఒక్క చుక్క బయటికి పోకూడదు. అది సాక్ష్యం."

"గ్యాసు బండ కూడానా?" అంది వదిన.

"బండ కూడా."

ఇంటికొచ్చి వ్యాపారి గట్టిగా నిశ్చయించుకున్నాడు. పోగొట్టుకున్న పల్లాన్ని తిరిగి సంపాదించాలి. తను పల్లంవాడే అనిపించుకోవాలంటే తన దొడ్లోనూ నీళ్ళు నిలవాలి. మేస్త్రీని పిలిచి, తన ఇల్లు దాటగానే కాలవకి అడ్డంగా ఇసక బస్తాలు వేయించాడు.

భార్య గుమ్మంలో నిలబడి అంతా చూసింది. "ఏమండీ, లోకంలో అందరూ నీళ్ళు రాకుండా బస్తాలు వేసుకుంటారు. మీరు రావడానికి వేయిస్తున్నారా?"

"గోదాం ఉండాలా వద్దా?"

"ఉండాలి. నా చెప్పులు కూడా ఉండాలి."

చెప్పులు కూడా సాక్ష్యంలో కలిసిపోయాయని ఆమెకి చెప్పే ధైర్యం అతనికి లేకపోయింది.

సోమవారం తెల్లవారుతూనే మళ్ళీ వాన అందుకుంది. బస్తాలు బాగా పనిచేశాయి. నీళ్ళు వెనక్కి ఎగదన్ని వ్యాపారి దొడ్లోకి వచ్చి నిండుగా నిలబడ్డాయి. అతను లుంగీ ఎగ్గట్టుకుని అన్నగారిని పిలుచుకొచ్చి, కొత్త ఇల్లు చూపించినట్టు మూలమూలా చూపించాడు. అన్నగారు పెదవి విరిచి, నీవి ఇవాళ పొద్దుటి నీళ్ళు, నావి నిలవ నీళ్ళు, వచ్చి నాచు చూసుకోమన్నాడు. ఇద్దరూ అటు రెండుసార్లు, ఇటు రెండుసార్లు తిరిగారు. తన ఇల్లు మునిగిందని పోటీపడి చూపించుకునే అన్నదమ్ముల్ని మేస్త్రీ అంతకుముందు చూసి ఉండడు. బీడీ వెలిగించుకుని అరుగు మీద కూర్చున్నాడు.

ఈలోగా నీళ్ళు గోదాం గడప దాటాయి. రుజువు గుమ్మం దగ్గర ఆగుతుందని వ్యాపారి లెక్క. ఎక్కడ ఆగాలో రుజువుకి తెలియదు. అడుగు వరసలో ఉన్న పాత పరుపులు గుటకలు వేస్తూ నీళ్ళు తాగడం మొదలుపెట్టాయి. అదే సమయానికి జేబులో ఫోను మోగింది.

"తారురోడ్డు మీదున్నా సార్. బాట మీద నీళ్ళు కనబడుతున్నాయి. దింపేసి పోనా?" అన్నాడు డ్రైవరు.

అవును మరి. కాలవకి అడ్డుకట్ట వేస్తే నీళ్ళు దొడ్లోకి వచ్చినట్టే బాట మీదికీ వచ్చాయి. ఏ వ్యాను కోసం కాలవ తవ్వించాడో ఆ వ్యానుకే బాట లేకుండా పోయింది. పైన ఇంకో మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది. పావుగంట ఆగమని వ్యాపారి డ్రైవర్ని బతిమాలాడు.

వదినగారు గునపం భుజాన వేసుకుని వచ్చింది అప్పుడే. చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుంది. జుట్టులో సున్నం, చేతుల నిండా ఇటుకపొడి.

"మరిదిగారూ, వ్యాను కావాలా, రుజువు కావాలా?"

వ్యాపారి గోదాం వంక చూశాడు, తారురోడ్డు వంక చూశాడు. "వ్యానే, వదినా" అన్నాడు నీరసంగా.

"అయితే బస్తాలు తీయించండి. మా పెరటి గోడ వాగువైపు పగలగొట్టేసి వచ్చాను. ఈ బాట నీళ్ళన్నీ మా దొడ్లోంచే పోతాయి. ఎవరు మెరకో, ఎవరు పల్లమో తీరిగ్గా కూర్చుని తేల్చుకోండి. నాకు మాత్రం ఇవాళ దొడ్లో బట్టలారేసుకోవాలి."

అన్నగారు ఈల నోట్లో పెట్టుకున్నాడు. "ఊదండి, మీకూ పని చెబుతాను" అందామె. ఆయన ఊదలేదు.

మేస్త్రీ బస్తాలు లాగేశాడు. ఆగిన నీళ్ళన్నీ ఒక్క ఊపున కాలవలో పడి, అన్నగారి దొడ్లోంచి, పగిలిన గోడలోంచి వాగులోకి దూకాయి. నిన్నటి సాక్ష్యం, ఇవాళ్టి సాక్ష్యం, ఒక జత చెప్పులు వరసగా వెళ్ళిపోయాయి. బాట తేలింది. వ్యాను బురదలో కాసేపు మూలిగి, ఎక్కడా దిగబడకుండా లోపలికి వచ్చింది.

వచ్చింది గాని దింపడానికి చోటేది? గోదాంలో నీళ్ళు, ఇంట్లో బురద, నెత్తి మీద మబ్బు. బాట అంతటిలో పొడిగా ఉన్నది అన్నగారి ఎత్తు పునాది మీది హాలు ఒక్కటే. వ్యాపారి తల వంచుకుని, పరుపులు నాలుగు రోజులు అక్కడ పెట్టుకోనిమ్మని అడిగాడు. గోదాం లాక్కోబోతున్న మనిషిని గోదాం అడగడం కంటే హీనమైన బేరం అతను ఎప్పుడూ చెయ్యలేదు.

డ్రైవరు దొడ్డి గోడ మీది తడి చారలు చూసి అనుమానపడ్డాడు. "ఈ ఇంట్లోనా సార్? ఇది పల్లంలో ఉన్నట్టుందే. నీళ్ళొస్తే సరుకు గతేమిటి?"

ఎవరి ఇంటిని ఎవరు పల్లమంటున్నారు? ఒక వ్యాను డ్రైవరు, అదీ మేస్త్రీ ముందు. అన్నగారి మెడ నిటారుగా లేచింది.

"పల్లమేమిటయ్యా? ఇది మా నాన్న నా చేతికిచ్చిన మెరక. ఈ బాట మొత్తానికి ఇదే మెరక. ఒక్క పరుపు తడిస్తే నన్నడుగు. దించు" అని ఈల వేశాడు.

వ్యాపారి ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు. మేస్త్రీ వైపు తిరిగి, "విన్నావుగా?" అన్నాడు. విన్నానన్నాడు మేస్త్రీ. నాన్న కూడా అదే అనేవాడని, పల్లంవాడికి అన్నయ్య మెరకే ఆధారమని వ్యాపారి నలుగురికీ వినబడేట్టు చెప్పి, మొదటి పరుపు తనే నెత్తికెత్తుకున్నాడు.

నాలుగో పరుపు హాల్లోకి చేరేసరికి అన్నగారికి లెక్క తట్టింది. గోదాం వంక ఒకసారి చూశాడు. కానీ ఇచ్చిన ఆర్డరు వెనక్కి తీసుకోవడం డ్రిల్లులో లేదు. "తొందరగా, తొందరగా" అని ఇంకోసారి ఈల వేశాడు.

కాలవలో నీళ్ళు మాత్రం తమ్ముడి పల్లంలోంచి అన్నగారి మెరక మీదికి నిరాటంకంగా పారుతున్నాయి.